ఇప్పచెట్ల చుట్టూ తీగ

పదవీ విరమణకు మూడేళ్ల ముందు, మార్చి నెలలో, ఖానాపూర్ దాటాక గుట్టల కింద ఉన్న ఒక చిన్న సబ్‌స్టేషన్‌కు నన్ను బదిలీ చేశారు. అప్పటికి నేను లైన్ ఇన్‌స్పెక్టర్‌ని. మా శాఖలో హెల్పర్‌గా చేరినవాడు అసిస్టెంట్ లైన్‌మన్, లైన్‌మన్ అయి, ఆయుష్షు ఉంటే లైన్ ఇన్‌స్పెక్టర్ అవుతాడు. పై అధికారి ఏఈ, అంటే అసిస్టెంట్ ఇంజినీర్. స్తంభం ఎక్కే ఉద్యోగంలో చివరి మెట్టు మాది. ఎక్కడం తగ్గుతుంది, సంతకాలు పెరుగుతాయి. అంతకుముందు సర్వీసంతా కరీంనగర్ పల్లెల్లో, మందమర్రి కాలనీల్లో గడిచింది. గుట్టల లైను నాకు కొత్త.

ఆ సబ్‌స్టేషన్ నుంచి బయల్దేరే ఫీడర్లలో ఒకదాన్ని మేము గుట్ట ఫీడర్ అనేవాళ్లం. ఫీడర్ అంటే పదకొండు వేల వోల్టుల కరెంటును ఊళ్లకు మోసుకుపోయే లైను. ఇది పత్తి చేల మీదుగా పోయి, తర్వాత టేకు అడవిలో పడి, రెండు గుట్టలు దాటి, నాలుగు గూడేలకు వెలుగు ఇస్తుంది. ఆ గూడేల్లో తాగునీటి మోటార్లు కూడా దీని మీదే నడుస్తాయి.

నేను చేరి రెండు వారాలు అయిందో లేదో, ఒక రోజు తెల్లవారుజామున ఆ ఫీడర్ ట్రిప్ అయింది. నేను ఏడింటికి వెళ్లేసరికి ఆపరేటర్ సత్తన్న లాగ్‌బుక్ ముందు కూర్చొని ఉన్నాడు. మళ్లీ రెండుసార్లు చార్జ్ చేసి, అంటే కరెంటు వదిలి, చూశాడట, నిలవలేదు. లోపాన్ని పసిగట్టే రిలే మీద ఎర్త్ ఫాల్ట్ జెండా పడింది. అంటే ఎక్కడో తీగ నేలకు గాని, నేలను తాకుతున్న దేనికో గాని అంటుకొని ఉందన్న మాట. అలాంటప్పుడు స్తంభం స్తంభానికీ నడుచుకుంటూ లైను చూసుకుంటూ పోవడమే మార్గం. దాన్ని పెట్రోలింగ్ అంటాం.

రూలు ప్రకారం పెట్రోలింగ్‌కు ఇద్దరు పోవాలి. ఆ రోజు ఉన్న ఇద్దరు లైన్‌మన్లను చేల భాగానికి పంపి, గుట్టల భాగానికి నేనొక్కడినే బయల్దేరాను. కొత్త లైనును ఒకసారి నా కళ్లతో చూసుకోవాలన్న కోరిక కూడా ఉంది.

సత్తన్న అడిగాడు: "ఎల్‌సీ రాసియ్యాల్నా, లింగన్నా?"

ఎల్‌సీ అంటే లైన్ క్లియర్. అది ఒక కాగితం. దాని మీద ఎవరి పేరు ఉందో ఆ మనిషి స్వయంగా వచ్చి వాపసు ఇచ్చేదాకా ఆపరేటర్ ఆ లైనుకు కరెంటు వదిలే బ్రేకర్ మీద చెయ్యి వేయకూడదు. తీగ మీద పని చేసేవాడు తప్పకుండా తీసుకుంటాడు. చూడ్డానికి మాత్రమే పోయేవాడికి అక్కర్లేదనేది అప్పట్లో మా అందరి అలవాటు. అవసరం లేదన్నాను.

"పైన ఫోను కలువది. పన్నెండున్నర దాక చూస్త. నీ ఫోను రాకపోతె ఒక్కపారి చార్జ్ చేసి చూస్త. గూడేల నీళ్లు లేవని పొద్దటి సంది ఒక్కటే ఫోన్లు" అన్నాడు.

సరే అన్నాను. ఆ మాట అన్నది నేనే. తర్వాత రాసిన రిపోర్టులో కూడా దాన్ని దాచలేదు.

అడవి మొదట్లో ఉన్న చివరి ఇంటి దగ్గర బండి పెట్టి ఎనిమిదింబావుకు నడక మొదలుపెట్టాను. భుజాన సంచి, అందులో కటింగ్ ప్లయర్, రబ్బరు గ్లోవ్స్, రెండు సీసాల నీళ్లు, జొన్న రొట్టెలు. చేతిలో వెదురు కర్ర.

మార్చి చివర టేకు అడవికి నీడ ఉండదు. ఆకులన్నీ నేల మీదే ఉంటాయి, పళ్లెమంత ఆకులు, ఎండి అప్పడాల్లా. అడుగు వేస్తే ఆ చప్పుడు గుట్టకు తగిలి తిరిగి వస్తుంది. పెట్రోలింగ్‌లో తల పైకి ఉండాలి. పింగాణీ ఇన్సులేటర్ పగిలిందా, కొమ్మ ఆనిందా, పాము గాని పక్షి గాని తీగల మధ్య కాలి వేలాడుతోందా అని చూడాలి. కాబట్టి పది అడుగులు నడిచి ఆగి, మెడ ఎత్తి చూసి, మళ్లీ పది అడుగులు. మొదటి గుట్ట ఎక్కుతున్నప్పుడు ఒక సంగతి గమనించాను. నేను ఆగిన తర్వాత కూడా ఒక అడుగు చప్పుడు వినిపిస్తోంది. నా వెనుక కాదు, పక్కన, కొంచెం దిగువన. మూడు నాలుగుసార్లు పరీక్షగా ఆగాను. ఒకసారి వినిపించింది, ఒకసారి లేదు. ఎండకు ఆకులు వాటంతట అవే విచ్చుకుంటూ చప్పుడు చేస్తాయని సర్దిచెప్పుకున్నాను. "ఎవలది?" అని ఒకసారి అరిచాను కూడా. మళ్లీ మెడ ఎత్తి లైను చూసుకుంటూ నడిచాను.

ముప్పై ఏళ్లకు పైగా లైన్ల కింద తిరిగినవాడికి ఇంకొకటి తెలుస్తుంది. చార్జ్‌లో ఉన్న లైను కింద సన్నని రొద ఉంటుంది. చెవి దాన్ని పట్టించుకోదు, కానీ అది లేనప్పుడు లేదని తెలుస్తుంది. ఆ రోజు పైన మూడు తీగలూ ఆకాశంలో గీతల్లా ఊరికే ఉన్నాయి. కింద అడవి కూడా అలాగే ఉంది.

పదకొండు దాటాక మొదటి గుట్ట శిఖరం చేరాను. అక్కడ లైను ఒక లోతైన వాగును ఒకే అంగలో దాటుతుంది. మనిషి అలా దిగలేడు. కాలిబాట పట్టుకొని చుట్టూ తిరిగి, అవతలి గట్టున మళ్లీ లైనును కలుసుకోవాలి. ఫోన్ చూశాను, సిగ్నల్ లేదు. బాట పట్టాను.

వాగు దాటి అవతలి ఏటవాలు ఎక్కుతుంటే మోకాలి కింద ఏదో మెరిసింది. కాలు గాలిలోనే ఆగింది.

బూడిద రంగు బైండింగ్ తీగ. అగ్గిపుల్లలో సగం లావు ఉంటుందేమో. బాటకు అడ్డంగా, నేలకు జానెడున్నర ఎత్తులో, బిగుతుగా లాగి ఉంది. పదేసి అడుగులకు ఒక పుల్ల పాతి, పుల్లకు ప్లాస్టిక్ పైపు ముక్క తొడిగి, దాని మీదుగా తీగను పోనిచ్చారు. పైపు ముక్క ఎందుకో మా పని తెలిసినవాడికి చెప్పనక్కర్లేదు. కరెంటు పుల్ల గుండా నేలలోకి దిగకుండా. అడవిపందుల కోసం పదకొండు కేవీ లైనుకు కొక్కెం తగిలించి ఇలా తీగ పరుస్తారని విన్నాను. నా కళ్లతో చూడటం అదే మొదలు. పొద్దుగూకాక తగిలిస్తారు, తెల్లారకముందే తీసేస్తారు. ఇది పట్టపగలు ఇక్కడే ఉంది.

ఫాల్ట్ దొరికింది. ఎడమ వైపు పోతే తీగ లైనును చేరుతుంది. కుడి వైపు పోతే పందుల కోసం పరిచిన చోటుకు పోతుంది. ముందు ఎడమకు పోయి కొక్కెం తీయడమే పద్ధతి. కానీ కుడి వైపు బాట మీద ఒక వెదురు గంప బోర్లా పడి ఉంది. చుట్టూ నాలుగు గుప్పెళ్ల ఇప్పపువ్వు, ఇంకా వాడలేదు. అది ఆ ఉదయం పువ్వు.

తీగకు నాలుగడుగుల దూరంలో ఉంటూ దాని వెంట కుడి వైపుకు నడిచాను. ఒకచోట చచ్చిన కుందేలు. ఇంకొంచెం ముందుకు పోతే నెమలి, ఎప్పుడో చచ్చింది, ఈకలు మట్టి రంగుకు తిరిగాయి. ఆ తర్వాత ఏ జంతువుదో చెప్పలేని ఎముకలు. అంటే ఈ తీగ నిన్న మొన్నటిది కాదు. ఆ దారిలో పిట్ట కూత లేదు. చీమలు మాత్రం బారులు కట్టి ఉన్నాయి.

చెట్లు పలచబడ్డ చోట మూడు ఇప్పచెట్లు కనిపించాయి. మధ్య చెట్టు కింద ఒక ఆడమనిషి కూర్చొని ఉంది.

మోకాళ్లు దగ్గరికి తీసుకొని, రెండు చేతులూ వాటి చుట్టూ వేసుకొని, ముఖం నా వైపే పెట్టి కూర్చుంది. పిలిచాను. పలకలేదు, కదల్లేదు. ఆమె తల మీద, భుజాల మీద, చేతుల మీద, మోకాళ్ల మీద, అంతటా ఇప్పపువ్వు పడి ఉంది. ఇప్పపువ్వు తెల్లవారుజాము నుంచి ఎండెక్కేదాకా రాలుతుంది. అన్ని గంటలు ఒక్క పువ్వును కూడా దులుపుకోకుండా ప్రాణమున్న మనిషి కూర్చోగలదని నేను అనుకోలేదు. కనురెప్పల మీద కూడా ఒక పువ్వు ఉందనిపించింది. ఎన్నో ప్రమాదాలు చూశాను, కాలిపోయినవాళ్లను చేతులతో దించాను. అప్పుడెప్పుడూ కలగని భయం అది.

రెండడుగులు ముందుకు వేశాను. అప్పుడు పెదవులు మాత్రం కదిలాయి.

"రాకు. ఆడ్నే ఆగు. తీగున్నది."

బతికే ఉంది. ఆ గొంతు గుసగుసలా ఉంది. గట్టిగా మాట్లాడితే కూడా కరెంటు పట్టుకుంటుందేమో అన్నట్టు.

అప్పుడు చూశాను. తీగ మూడు చెట్లనూ చుట్టి వచ్చింది. ఎండిన గడ్డిలో ఒకచోట కనిపిస్తుంది, ఒకచోట మాయమవుతుంది. రాలిన పువ్వు తినడానికి పందులు ఏ వైపు నుంచి వచ్చినా తగిలేలా పరిచారు. నాకు ఎదురుగా, తీగ మీదనే, ఒక ఎర్ర కుక్క పడి ఉంది. మెడ దగ్గర నల్లగా కమిలింది.

కొంచెం కొంచెంగా చెప్పింది. పేరు పోశవ్వ. గుట్ట కింది ఊరు. పెనిమిటి మస్కట్‌లో పని చేస్తాడు, బిడ్డ పెళ్లయి పోయింది, ఇంట్లో ఒక్కతే. మసక వెలుతురులోనే పువ్వు ఏరడానికి వచ్చింది. గంపకు పువ్వు బరువై బాట మీద దించి, మళ్లీ ఏరడానికి చెట్ల కిందికి పోయింది. తీగను ఎలా దాటిందో ఆమెకే తెలియదు. అడుగు ఎత్తి వేసింది కాబోలు. వెనక వస్తున్న కుక్క దాటలేదు.

"నీలం మంట లేసింది, సారూ. గా వెల్తుర్ల సుట్టూ తీగ గనవడ్డది. ఎటు సూస్తె అటు తీగనే. మోతిగాడు ఒక్క కూత గూడ కుయ్యలే. మల్ల రెండుపార్లు మంట లేసింది, కండ్లు మూసుకున్న. గప్పటి సంది గిట్లనే కూసున్న."

ఆరు గంటలు దాటింది ఆమె అలా కూర్చొని. నాకు జాలి, దాని వెంటే ధైర్యం కలిగాయి. "భయపడకు చెల్లె. నేను కరెంటోణ్ణే. లైను పొద్దుటి నుంచి బంద్ ఉన్నది. ఆ తీగల కరెంటు లేదు. నేను దాటి వచ్చి నిన్ను తీసుకొస్త" అని ముందుకు నడిచాను. తీగకు ఒక్క అడుగు దూరంలో ఉన్నాను.

పోశవ్వ నన్ను తేరిపార చూసింది.

"కరెంటు లేదని నీకెట్ల ఎర్క?"

అడిగిన తీరులో కోపం లేదు. నిజంగా తెలుసుకోవాలని అడిగింది. ట్రిప్ అయిందని చెబుదామనుకున్నాను. కానీ అది ఉదయం మాట. ఇప్పుడు లేదని నాకు ఎలా తెలుసు? చేతిలో ఎల్‌సీ కాగితం లేదు. తీగను నేలకు కలుపుతూ ఎర్త్ వేయలేదు. ఆగి గడియారం చూశాను. పన్నెండూ ఇరవై రెండు. ఇంకా ఎనిమిది నిమిషాలు ఉంది, చాలు అనిపించింది ఒక క్షణం. కానీ నోట్లో జవాబు లేకుండా కాలు ముందుకు పడలేదు. వెనక్కి రెండడుగులు వేసి, "నువ్వన్నది నిజమే, నాకు తెల్వది. కొక్కెం తీసి వస్త" అన్నాను.

సంచి సర్దుకుంటుండగా తీగ పలికింది.

బిగించిన తీగను ఎవరో గోటితో మీటినట్టు సన్నని మోత. మరుక్షణం చెట్ల చుట్టూ గడ్డిలో అక్కడక్కడా చిటపటమంటూ నీలం రవ్వలు లేచాయి. కుక్క కదిలింది. ముందు కాళ్లు రెండూ చాచింది, వీపు విల్లులా వంగింది, తల పైకి లేచి పోశవ్వ వైపు తిరిగింది.

"మోతీ!" అని ఆమె లేవబోయింది.

"కదలకు!" నా జీవితంలో అంత గట్టిగా ఎప్పుడూ అరవలేదు. ఆమె సగం లేచిన దగ్గరే ఆగిపోయింది. పువ్వులన్నీ ఒంటి మీద నుంచి జలజల రాలాయి.

అంతా కలిపి రెండు సెకన్లు. బ్రేకర్ మళ్లీ పడిపోయింది. కుక్క ఒక పక్కకు ఒరిగి పడింది. కాలిన వెంట్రుకల వాసన వచ్చింది. నా గడియారంలో అప్పుడు పన్నెండూ ఇరవై ఆరు. సబ్‌స్టేషన్ గోడ గడియారం నాలుగు నిమిషాలు ముందుంటుందని సాయంత్రం తెలిసింది. సత్తన్న తప్పేమీ లేదు. చెప్పిన సమయానికి చెప్పిన పని చేశాడు.

కుక్క బతికి లేవలేదని, కరెంటే దాన్ని లేపిందని ఆమెకు చెప్పడానికి కొంత సమయం పట్టింది. మళ్లీ కూర్చోబెట్టి, నేను వచ్చేదాకా అలాగే ఉండమని చెప్పి, తీగ వెంట వెనక్కి, లైను వైపు నడిచాను. ఆపరేటర్ ఇంకోసారి చార్జ్ చేయడని నమ్మకం లేదు. దాదాపు పరుగే. బాట దాటి, ఏటవాలు ఎక్కి, స్తంభం కనిపించేసరికి ఐదు నిమిషాలు పట్టింది.

కొక్కెం లైను మీద లేదు.

పొడుగాటి వెదురు బొంగు, చివర ఇనుప కొక్కెం, స్తంభం పక్కన నేల మీద పడుకోబెట్టి ఉన్నాయి. విసిరేసినట్టు కాదు, పని అయ్యాక పనిముట్టు పెట్టినట్టు. తీగ చివరను లైనుకు దూరంగా లాగి, గుండ్రంగా చుట్టి, ఒక రాయి కింద పెట్టారు. ఇందాక నేను చూసిన కరెంటు ఈ కొక్కెం గుండానే వచ్చింది. ఆ తర్వాతే ఎవరో తీశారు. స్తంభం కింద ఆకులు నలిగి, ఒక మనిషి చాలాసేపు కూర్చున్నంత మేర చదునుగా ఉన్నాయి. ఆర్పేసిన బీడీలు ఐదారు.

చుట్టూ చూశాను. బోడి చెట్లు. వాటి మధ్య మనిషి దాక్కునేంత చాటు ఎక్కడా లేదు. అయినా ఎవరో నన్ను చూస్తున్నారని నా వీపుకు తెలుస్తోంది. ఈసారి పిలవలేదు.

కొక్కేన్ని వెదురుకు కట్టిన కట్టు దగ్గర నా చూపు ఆగిపోయింది. బయటివాడు తాడుతో గాని తీగతో గాని ఎలాగోలా చుట్టి ముడి వేస్తాడు. ఇది అల్యూమినియం తీగతో దగ్గర దగ్గరగా ఎనిమిది చుట్లు, చివర లోపలికి మడిచి, చేతికి గుచ్చుకోకుండా ప్లయర్‌తో నొక్కి ఉంది. ఇన్సులేటర్ మీద లైను తీగను మేము కట్టే కట్టు అది. కొత్తగా చేరినవాళ్లకు ఏళ్ల తరబడి నేనే నేర్పాను.

గ్లోవ్స్ తొడుక్కొని, తీగ చివరను వెదురు కర్రతో లాగి స్తంభం ఎర్త్‌కు కట్టాను. తర్వాత ఇప్పచెట్ల దగ్గరికి పోయి, ప్లయర్‌తో తీగను రెండు చోట్ల కత్తిరించి, పోశవ్వను బయటికి తెచ్చాను. కాళ్లు తిమ్మిరెక్కి నిలబడలేకపోయింది. నీళ్లు తాగింది. రొట్టె వద్దంది. కుక్కను అక్కడ వదిలి రానంది. కొంగులో చుట్టి భుజాన వేసుకుంది.

గుట్ట దిగుతూ ఆమె చెప్పింది. "పొద్దటి సంది గా లైను దిక్కు ఎవలో దగ్గుతున్నరు, సారూ. మనిషి దగ్గే. ఓ అయ్యా, జర వచ్చి తియ్యుండ్రి అని మస్తు మొత్తుకున్న. దగ్గు ఆగుతది. జరసేపటికి మల్ల దగ్గుతది. రాలే."

"గొంతు ఎర్కనా?" అని అడిగాను.

కుక్కను ఒక భుజం మీద నుంచి ఇంకో భుజానికి మార్చుకుంది. "దగ్గుకు పేరుంటదా?" అంది.

ఆ మనిషి ఆరు గంటలు ఎందుకు కూర్చున్నాడో నేను ఊహించగలను. మొదటి రెండు చార్జ్‌ల తర్వాత లైను మీద చెయ్యి పెట్టడానికి అతనికీ భయమే. వెళ్లి ఆమెను తీస్తే ముఖం చూస్తుంది. పోలీసులకు గాని, అటవీశాఖకు గాని పేరు చెబుతుంది. అయితే వదిలేసి పారిపోనూ లేదు. ఆమె మళ్లీ కరెంటు మధ్య పడిందని తెలిశాక కొక్కెం తీశాడు. ఇది నా ఊహ. పొద్దున గుట్ట ఎక్కుతుంటే నా పక్కన పడ్డ అడుగులకు ఏ ఊహా చాలలేదు. ఆ అడుగులకూ ఈ స్తంభానికీ మధ్య ఆ లోతైన వాగు ఉంది.

ఆ సాయంత్రమే రిపోర్టు రాశాను. ఎల్‌సీ తీసుకోకపోవడం నా తప్పని రాశాను. కొక్కెం కట్టు మా శాఖవాళ్లు కట్టే పద్ధతిలో ఉందని కూడా రాశాను. ఏఈ చదివి, ఆ వాక్యం దగ్గర వేలు పెట్టి, "ఇది తీసెయ్యరాదా లింగన్నా, మనోళ్ల మీదికే వస్తది" అన్నారు. తీయనన్నాను. ఆయన సంతకం చేసి పైకి పంపారు. విచారణ జరిగింది. కొక్కెం, వెదురు, తీగ అటవీశాఖవాళ్లు పట్టుకుపోయారు. పోశవ్వ ఎవరి పేరూ చెప్పలేదు. ఎవరూ దొరకలేదు.

మిగిలిన మూడేళ్లూ అక్కడే పనిచేశాను. మా వాళ్లు స్తంభం మీద తీగ కడుతుంటే కింద నిలబడి చుట్లు లెక్కపెట్టడం నాకు అలవాటైంది. అందరూ ఎనిమిదే చుట్టేవారు. చివర లోపలికి మడిచేవారు. చలికాలంలో అందరూ దగ్గేవారు.

ఆ సంఘటన తర్వాత మా సబ్‌స్టేషన్‌లో ఒక మార్పు తెచ్చాను. లైను కిందికి చూడ్డానికి పోయేవాడు కూడా తన పేర ఎల్‌సీ రాయించుకోవాలి. ఇద్దరు దొరక్కపోతే పెట్రోలింగ్ ఆగాలి, గూడేలు ఇంకో పూట చీకట్లో ఉన్నా సరే. తీగలో కరెంటు లేదు అనే మాట ఎర్త్ వేసిన చేతితోనే చెప్పాలి. కొత్తవాళ్లకు ఈ సంగతి చెప్పేటప్పుడు నా అనుభవాన్ని ఉదాహరణగా చూపించేవాణ్ణి కాదు. ఆ రోజు తీగకు ఒక్క అడుగు దూరం దాకా నన్ను నడిపించింది ముప్పై ఏళ్ల ఆ అనుభవమే. పోశవ్వ దాన్ని నమ్మలేదు కాబట్టి బతికాను.